మా బావ కేసూ, మా బావ నవలా

మా బావ పోయాడన్న కబురు నాకు స్టేషన్ ఘన్‌పూర్‌లో, నేను పనిచేసే రైలు స్టేషన్ సామాన్ల గదిలో, మిరపకాయ బస్తాల మధ్య అందింది. వరంగల్ నుంచి వచ్చిన ప్యాసింజరు బండి గార్డు నాకు పాత పరిచయం. బండి ఆగగానే దిగి, నా దగ్గరకు నడిచి వచ్చి, టోపీ తీశాడు. ఆయన టోపీ తీయడం నేను అంతకు ముందు చూడలేదు.

"మీ అక్క ఖబర్ పంపింది. మీ బావ పొద్దుగాల పానం ఇడిసిండట. జర జల్ది పో," అన్నాడు.

మిరప ఘాటుకు అప్పటికే కళ్ల నిండా నీళ్లు. అందువల్ల నేను ఏడ్చానో లేదో గార్డుకూ తెలియదు, నాకూ తెలియదు. కావలసినవాళ్లు పోయినప్పుడు మనసులో ఏదో గొప్ప మాట మెదులుతుందంటారు. నాకు మాత్రం మెదిలింది ఒకటే: "మరి నవల?"

వరంగల్ కొత్తవాడ చేరేసరికి మా అక్క గోడకు ఆనుకొని కూర్చుంది. వాడకట్టంతా వచ్చి ఉన్నారు. అందరూ గొంతు తగ్గించి మాట్లాడుతున్నారు. ఎదురింటి ముసలాయనకు చెవుడు. ఆయన గొంతు తగ్గించినా వీధి చివరిదాకా వినిపిస్తుంది. "పాపం, మంచి మనిషి. ఏం తప్పు చేసిండో తెల్వకుంటనే పోయిండు," అన్నాడాయన.

ఆ మాటకు ఆడవాళ్లలో ఎవరో కిసుక్కుమన్నారు. మా అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు అదురుతుంటే ఏడుస్తోందనుకొని దగ్గరికి పోయాను. నవ్వుతోంది. కళ్ల నుంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి, నవ్వుతూనే ఉంది.

"తమ్మీ, ఇయ్యాల నవ్వితె తప్పా?" అని అడిగింది.

ఆ ఇంట్లో ఏది తప్పో ఎనిమిదేళ్లుగా ఎవరికీ తేలలేదు. "తెల్వదక్కా," అన్నాను.

ఆయన్ను ఎరగని వారి కోసం చెప్పాలి. మా బావ జంపఖానాలకు నమూనాలు గీసేవాడు. కొత్తవాడలో ఒక షావుకారు కార్ఖానాలో ఆయన పని అది. గళ్ల కాగితం మీద నెమలి ఎక్కడ మొదలవ్వాలి, దాని తోక ఎన్ని పోగుల్లో తిరగాలి, అన్నీ గడి గడికీ చుక్క పెట్టి గీసేవాడు. సన్నటి మనిషి. పెన్సిలును రెండు కొసలా చెక్కేవాడు. ఒకవైపు విరిగితే ఇంకోవైపు ఉంటుందని. సొంతింటికి వచ్చినా తలుపు తట్టి, "రావచ్చా?" అని అడిగి లోపలికి వచ్చేవాడు. "ఇది నీ ఇల్లే గదయ్యా," అని అక్క విసుక్కునేది. "ఇల్లు నాదే. లోపల ఎవలు ఏ పనిల ఉన్నరో నాకేం తెల్సు?" అనేవాడు. ఇట్లాంటి మనిషి మీద సర్కారు కేసు పెట్టింది.

పెద్ద యుద్ధం నడుస్తున్న రోజులు. ఒక మధ్యాహ్నం మేం అన్నానికి కూర్చున్నాం. అదాలత్ జవాను వచ్చి సమను చేతికిచ్చి, అందినట్టు దస్తకతు తీసుకొని, మంచినీళ్లు తాగి పోయాడు. మా బావ చదువంతా ఉర్దూలోనే సాగింది కనుక గడగడా చదివాడు. ఆయన పేరు, వాళ్ల నాయన పేరు, కొత్తవాడ, ఫలానా తారీఖున ముల్జిమ్‌గా హాజరు కావలసింది. ముల్జిమ్ అంటే నిందితుడు. జుర్మ్, అంటే నేరం, ఏమిటో రాయవలసిన చోట మాత్రం ఒక పెద్ద సిరా మరక ఉంది. దాని అడుగున అక్షరాలో, ఈగ కాళ్లో, ఏవో ఉన్నాయి.

ఆ కాగితం పట్టుకొని ఊళ్లో చదువొచ్చిన ప్రతి మనిషి దగ్గరికీ తిరిగాం. బడి మౌల్వీ సాబు కళ్లజోడు తుడుచుకొని, వెలుతురుకు అడ్డం పెట్టి చూసి, "ఇది జుర్మ్ గాదు, మునిమాపు అని ఉన్నది," అన్నాడు. అత్తరు దుకాణం ఆయన "గుర్రం" అని చదివాడు. దరఖాస్తులు రాసేవాడు "అడవి" అన్నాడు.

"బావా, నువ్వు మునిమాపు గుర్రమెక్కి అడవికి పోయినవా ఎన్నడన్న?" అని అడిగాను.

మా బావ నవ్వలేదు. "గుర్రం ఎక్కుడు రాదు నాకు," అన్నాడు. నా జీవితంలో అంత నిజాయితీ గల జవాబు నేను వినలేదు.

మొదటి పేషీకి, వాయిదా రోజున, అందరం పోయాం. చప్రాసీ పేరు పిలిచాడు. మా బావ లోపలికి పోయి చేతులు కట్టుకొని నిలబడ్డాడు. తీర్పు చెప్పే హాకిం సాబు తల ఎత్తకుండానే వచ్చే నెల తారీఖు వేశాడు. "హుజూర్, నేను చేసిన తప్పేందో..." అని మా బావ అనబోతే, కాగితాలు అందించే పేష్కారు మధ్యలో అందుకొని, "అది తెల్సుకోవాల్నంటే దరఖాస్తు పెట్టుకో," అన్నాడు. మా బావ దరఖాస్తు పెట్టుకున్నాడు. వచ్చే నెల ఇంకో తారీఖు పడింది. ఇంకో దరఖాస్తు పెట్టుకున్నాడు. అట్లా నడిచింది.

ఇప్పుడు నవ్వుతూ రాస్తున్నాను కానీ ఆ మొదటి ఏడాది నవ్వులాట కాదు. ఎవరిని ఎందుకు పట్టుకుపోతారో తెలియని కాలం. మా బావకు అన్నం లోపలికి పోయేది కాదు. నలుగురు ఒక్కచోట చేరి తెలుగు పత్రిక చదువుకున్నందుకేమో అని ఒకరు, కార్ఖానా గోడ మీద ఏదో రాసి ఉందట, ఆ రాత నీదేమో అని ఇంకొకరు. ప్రతివాళ్లూ ఆయనకు ఒక నేరం ఇచ్చి పోయేవాళ్లు. ఆయన వాటన్నిటినీ గళ్ల కాగితం మీద రాసుకొని, ఒక్కొక్కటీ తన మీద వేసుకొని చూసుకునేవాడు, అంగీ కొలత చూసుకున్నట్టు. అప్పుడే ఒక మాట అన్నాడు. తర్వాత మా ఇంట్లో అది సామెత అయింది: "తప్పు చేసినోనికి ఒక్కటే తప్పు. చెయ్యనోనికి అన్నీ ఉంటయ్."

ఆ భయంలోనే ఆయన ఊరు తిరిగి క్షమాపణలు అడగడం మొదలుపెట్టాడు. చిన్నప్పుడు ఎవరి చేనులో పెసరకాయ తెంపాడో వాళ్లింటికి పోయి చెప్పి వచ్చాడు. ఆ చేను అమ్ముడుపోయి పదేళ్లయింది. మడికొండలో ఉండే తన మేనమామ దగ్గరికి పోయి, "మామా, నీ పెండ్లిల నువ్వు పాడుతాంటె నేను బయటికి పోయి నవ్విన," అన్నాడు. ఆ మామ ఆ తర్వాత మా ఇంటికి రావడం మానేశాడు. చివరికి మా అక్క ముందు నిలబడి, "నేను పెద్ద పరీక్ష పాసైన్నని మీ నాయినకు చెప్పిన. పాస్ గాలె," అన్నాడు.

"అది పెండ్లినాడే తెల్సు," అంది మా అక్క రోట్లో పచ్చడి నూరుతూ. "మరి ఇంకేమన్న ఉన్నదా, ఉప్పు ఏసుకోవాల్నా?"

షావుకారు భయస్తుడు. కేసు ఉన్నవాణ్ణి పనిలో ఉంచుకుంటే తన మీదికి వస్తుందని, "తేలేదాక ఇంట్ల కూసో," అన్నాడు. మా అక్క మగ్గం ఎక్కింది. ఆయన ఇంట్లో కూర్చొని నూలు కండెలు చుట్టాడు. ఆరునెలల తర్వాత కార్ఖానాలో నెమళ్లు కోళ్లలాగా వస్తున్నాయని షావుకారే కబురు పంపి మళ్లీ రమ్మన్నాడు. కానీ ఆ ఆరునెలల్లో మా బావ ఒక పని మొదలుపెట్టాడు. నవల.

గీసి పాడైన నమూనా కాగితాల వెనక రాసేవాడు. కథ ఇంతే: ఒకతనికి సమను వస్తుంది. ఎందుకో ఎవరూ చెప్పరు. అతనికి పేరు లేదు, ఊరు లేదు. "అతడు" అంతే. అతడు తలుపులు తడతాడు, మెట్లు ఎక్కుతాడు, ఒక గది నుంచి ఇంకో గదికి పోతాడు. నాకు శుక్రవారం సెలవు కనుక రైలెక్కి వచ్చేవాణ్ణి. మధ్యాహ్నం మా బావ చాప మీద కూర్చొని, గొంతు సవరించుకొని, ఆ వారం రాసినది చదివేవాడు. అప్పటిదాకా రాజులూ రాణులూ ఉన్న కథలే విన్న నాకు అది కొత్తగా ఉండేది. ఏమీ జరిగేది కాదు, కానీ ఊపిరి సలిపేది కాదు. ఆయన చదువుతుంటే మా ఇంటి గోడలు కూడా అదాలత్ గోడల్లా దగ్గరికి జరిగినట్టు అనిపించేది.

మా అక్కకు మాత్రం ఒకటే అనుమానం.

"ఈ అతడు పొద్దుందాక తిరుగుతాండు గదా. ఏం తిన్నడు?"

"అది నవలకు అవసరం లేదే."

"కడుపుకు గూడ అవసరం లేదా? పెండ్లాం లేదా ఆయనకు?"

"లేదు. మనిషి లోకంల ఒంటరోడని చెప్తాన నేను."

"ఎవలు, నువ్వు ఒంటరోనివా? మరి పొద్దుగాల నీకు జొన్న గటుక పోసింది ఎవలు?"

మా బావ కాగితాలు మడిచాడు. వచ్చే శుక్రవారానికి అతనికి ఒక భార్య వచ్చింది. వస్తే వచ్చింది కానీ ఆమె ఒక్క అధ్యాయంలో అదాలత్‌కు పోయి, పేష్కారును నిలేసి, "నా పెనిమిటి ఏం చేసిండో రాసియ్యి, లేకుంటె నేను ఈణ్ణించి లెవ్వ" అని కూర్చుంది. పేష్కారు హడలిపోయి కేసు కొట్టేశాడు. నాలుగో అధ్యాయానికే నవల అయిపోయింది.

"ఇట్లయితె ఎట్ల?" అని మా బావ తల పట్టుకున్నాడు. ఆలోచించి, ఆలోచించి, రాసినది కొట్టేసి, ఆమెను తల్లిగారింటికి పంపాడు. ఆ అధ్యాయం చదివిన రోజు మా అక్క లేచి నిలబడింది.

"నన్నెందుకు పంపినవ్?"

"నిన్ను గాదే, ఆమెను."

"ఆమె ఎవలు?"

మూడు రోజులు ఆ ఇంట్లో మాటల్లేవు. నాలుగో రోజు నవలలో భార్య ఎడ్లబండి మీద తిరిగి వచ్చింది. అయితే బండిలో చలిగాలి తగిలి ఆమెకు గొంతు పోయింది. ఆ తర్వాత ఎన్ని అధ్యాయాలు రాసినా ఆమె గొంతు బాగు కాలేదు. మా అక్క వారం వారం అడిగేది: "మిరియాల కషాయం తాగిస్తాండా లేదా ఆయన?" తాగిస్తున్నట్టు రాయక తప్పలేదు.

ఒకసారి పొరపాటున పన్నెండో అధ్యాయం నమూనాతో పాటు ఒక నేతగాడి ఇంటికి పోయింది. ఆయన నెమలి నేయడం పూర్తి చేసి, కాగితం తిరిగి ఇస్తూ, "పిట్ట మంచిగున్నది. వెనుక ఉన్నాయన గది లోపటికి పోయిండా లేదా? మా ఇంట్ల అందరు అడుగుతాన్రు," అన్నాడు. ఆ మాటకు మా బావ ఎంత పొంగిపోయాడో చెప్పలేను. ఆ రోజు తలుపు తట్టకుండా ఇంట్లోకి వచ్చాడు.

అసలు గండం ఆ తర్వాత వచ్చింది. కేసు ఉన్న మనిషి పొద్దంతా ఏదో రాస్తున్నాడని ఎవరో ఠాణాలో చెప్పారు. ఠాణా అధికారి అమీన్ సాబు ఇద్దరు జవాన్లతో వచ్చి ఇల్లు సోదా చేశాడు. ధాన్యం గాదె కూడా వెతికాడు. చివరికి నవల దొరికింది. బొత్తి పెట్టి తాడుతో కట్టుకొని, మా బావను కూడా వెంట పెట్టుకొని నడిచాడు. ఆ రోజుల్లో అట్లా వెంట పోయినవాళ్లు ఎప్పుడు వస్తారో, అసలు వస్తారో రారో చెప్పేవాళ్లు లేరు. నేను వాళ్ల వెనకే పోయి ఠాణా అరుగు మీద కూర్చున్నాను.

అమీన్ సాబుకు తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. జవాన్లకు ఏ భాషా చదవడం రాదు.

"ఏం రాసినవ్ ఇది? సర్కార్ మీదనా?" అని అడిగాడు.

"కథ, సాబ్."

"చదువు. ఒక్క అక్షరం ఇడిసిపెడితె లోపటేస్త."

మా బావ చదివాడు. రెండో అధ్యాయానికి అమీన్ సాబు బల్ల మీద నుంచి కాళ్లు దించాడు. మూడో అధ్యాయానికి కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. నాలుగో అధ్యాయంలో జవాన్లు తలుపు దగ్గర నుంచి లోపలికి వచ్చి గోడకు ఆనుకొని కూర్చున్నారు. పొద్దు వాలుతుంటే అమీన్ సాబు చాయ్ తెప్పించి, "రేపు రా. మిగిలింది చదువుదువు," అని ఇంటికి పంపాడు.

మూడు రోజులు అట్లా నడిచింది. రెండో రోజు దొంగతనం ఫిర్యాదు ఇవ్వడానికి వచ్చిన ఒక రైతు కూడా విని, ఫిర్యాదు సంగతి మరిచిపోయాడు. మూడో రోజు పొద్దు వాలేవేళకు మా బావ చివరి కాగితం చదివి, కింద పెట్టి, చేతులు కట్టుకున్నాడు.

"తర్వాత?" అన్నాడు అమీన్ సాబు.

"గంతే, సాబ్. ఇంక రాయలె."

"మరి ఆయన చేసిన జుర్మ్ ఏంది?"

"అదే తెల్వక నేను గూడ ఆగిన, సాబ్. మీకేమన్న తెలిస్తె..."

అమీన్ సాబు లేచి గదిలో అటూ ఇటూ నడిచాడు. ఆయనకు నిజంగానే కోపం వచ్చింది. "మూడు దినాల సంది మా పని ఇడిసిపెట్టి కూసున్నం. గిట్ల సగం చెప్పి ఆపుడు జుర్మ్ గాదా?" అని బల్ల గుద్దాడు.

మా బావ ముఖం ఒక్కసారిగా వెలిగింది. అన్నేళ్లలో సర్కారు వారు ఆయనకు నోరు తెరిచి చెప్పిన మొదటి నేరం అది. "తప్పే, సాబ్," అన్నాడు, రెండు చేతులూ జోడించి.

"పూర్తి చేసి తీస్కరా. లేకుంటె నిజంగ లోపటేస్త," అని అమీన్ సాబు కాగితాల కట్ట తానే తాడుతో కట్టి ఇచ్చాడు.

మరు ఏడాదికి ఆయనకు ఏటూరునాగారం వైపు బదిలీ అయింది. అయినా ఆరు నెలలకోసారి ఎవరో జవాను, పని మీద ఊరికి వచ్చినప్పుడు, మా అక్క గడప దగ్గర నిలబడి, "అమీన్ సాబు అడగమన్నడు. అయిందా?" అనేవాడు. "కాలేదని చెప్పు, బిడ్డా," అని మా అక్క మజ్జిగ ఇచ్చి పంపేది.

నాకు మా బావ చేసిన మేలు ఒకటి ఇక్కడ చెప్పకుండా ఉండలేను. ఒకసారి నా డ్యూటీలో ఒక పార్సెలు కనిపించకుండా పోయింది. దొంగ నేనేనని పై అధికారి అన్నాడు. నేను రెండు రోజులు అన్నం ముట్టలేదు. కబురు తెలిసి మా బావ ఘన్‌పూర్ వచ్చాడు. ఓదారుస్తాడనుకున్నాను. నా పక్కన బస్తా మీద కూర్చొని, "నీకేం తప్పు అంటగట్టిన్రో చెప్పిన్రా?" అని అడిగాడు. చెప్పారన్నాను. "మరి ఫికర్ ఎందుకు? కిస్మత్ ఉన్నోనివి," అన్నాడు, నిజంగానే అసూయపడుతూ. నాకు నవ్వొచ్చింది. రెండు రోజుల తర్వాత నవ్వాను. అన్నం తిన్నాను. పార్సెలు కాజీపేటలో వేరే బండిలో దొరికింది. అది దొరికేదాకా ఆయన పోలేదు, నా గదిలోనే ఉండి రోజూ నాతో పాటు స్టేషన్‌కు వచ్చి బస్తాల మీద కూర్చునేవాడు. భయపడేవాడి పక్కన కూర్చోవడం ఆయనకు వచ్చినట్టు ఇంకెవరికీ రాదు.

ఏళ్లు గడిచేకొద్దీ పేషీ ఆయనకు అలవాటైపోయింది. చలిజ్వరం వచ్చినా లేచి పోయేవాడు. "పేషీ ఉన్నోడు చావడు," అనేవాడు. చప్రాసీ కూతురి పెళ్లికి పందిట్లో ముగ్గుకు నమూనా గీసి ఇచ్చాడు. కొత్తగా కేసుల్లో ఇరుక్కొని ఏడుస్తూ వచ్చే పల్లెటూరి వాళ్లకు నీళ్లు ఎక్కడ దొరుకుతాయో, ఏ చెట్టు కింద నీడ ఎక్కువసేపు ఉంటుందో చూపించేవాడు.

నిజాం సర్కారు పోయింది. అదాలత్‌లోకి కొత్త హాకిం వచ్చాడు. పాత కేసులన్నీ దుమ్ము దులిపి చూస్తున్నారని విన్నాం. మొన్న సీతాఫలాల కాలంలో మా బావకు పిలుపు వచ్చింది. ఈసారి మా అక్క కూడా వస్తానంది. నవలలో ఏడేళ్లుగా గొంతు లేకుండా ఉన్న మనిషిని ఆపే ధైర్యం మాకెవరికీ లేదు.

హాకిం కుర్రవాడు, తెలుగువాడు. పేష్కారు లావుపాటి మిసిలు, కేసు కాగితాల కట్ట, తెచ్చి ముందు పెట్టాడు. హాకిం ఒక్కొక్క కాగితం తిప్పుతూ పోయాడు. తిప్పేకొద్దీ ఆయన కనుబొమలు పైకి పోయాయి.

"ఇవన్నీ నువ్వు పెట్టుకున్న దరఖాస్తులే కదయ్యా," అన్నాడు.

"అవును, హుజూర్. నేను చేసిన తప్పేందో చెప్పుమని."

"సర్కారు కాగితం ఇందులో ఒక్కటే ఉంది. మొట్టమొదటిది. దాన్ని చెదలు తినేశాయి. నువ్వు దరఖాస్తు పెట్టినప్పుడల్లా దాని మీద విచారణకు ఒక తారీఖు వేశారు. నువ్వు అడగడం మానేసి ఉంటే ఈ కేసు ఎప్పుడో ఆగిపోయేది."

మా బావ మెల్లగా, "అడగకుంట ఎట్లుంట, హుజూర్?" అన్నాడు. ఆ మాట ఆయన గొంతు పెంచకుండానే అన్నాడు. కానీ రాసుకుంటున్న పేష్కారు కలం ఆగింది. కొత్త హాకిం కూడా కొంచెంసేపు ఆయన ముఖమే చూశాడు.

"సరే. కేసు కొట్టేస్తున్నాను. నువ్వు నిర్దోషివి. పో."

"ఏ దోషం లేదని, హుజూర్?"

"ఏ దోషమూ లేదు."

"అట్ల గాదు, హుజూర్. ఏదో ఒకటి అని, అది నేను చెయ్యలేదంటె..."

అప్పుడు వెనక నుంచి మా అక్క లేచింది. "అయ్యా, ఆయన మాట ఇనకుండ్రి. దస్తకతు పెట్టుండ్రి మీరు. ఇంక అడగనియ్య నేను. మీకు దండం పెడుత," అంది. హాకిం నవ్వాపుకోలేక కాగితంతో ముఖం కప్పుకొని దస్తకతు పెట్టాడు.

మా బావ ఒక్క కోరిక కోరాడు. చెదలు తినగా మిగిలిన ఆ మొదటి కాగితాన్ని చూడనివ్వమన్నాడు. పేష్కారు జాగ్రత్తగా రెండు అరచేతుల్లో పట్టుకొని చూపించాడు. పైన మా బావ పేరు సగం ఉంది. కింద సర్కారు మొహరు ముద్ర ఉంది. మధ్యలో పెద్ద చిల్లు. ఆ చిల్లు అంచున ఒక్క మాట చెక్కుచెదరకుండా మిగిలింది: "లిహాజా". అంటే "కాబట్టి".

జట్కాలో ఇంటికి వస్తుంటే మా అక్క అడిగింది, "ఏమున్నదయ్య అండ్ల?"

"కాబట్టి అని ఉన్నది."

"ఏంది కాబట్టి?"

మా బావ ఆమె వైపు చూశాడు, నా వైపు చూశాడు. ముందు పెదవులు అదిరాయి. తర్వాత పొట్ట పట్టుకొని నవ్వడం మొదలుపెట్టాడు. ఎనిమిదేళ్లలో ఆయన అట్లా నవ్వడం చూడలేదు. జట్కావాడు గుర్రాన్ని ఆపి వెనక్కి తిరిగి చూశాడు. సంగతి ఏమిటో తెలియకుండానే వాడూ నవ్వాడు. దారిలో సీతాఫలాల గంప కనిపిస్తే ఆపించి, అందరం తిన్నాం, జట్కావాడితో సహా.

కేసు పోయాక నవల పూర్తవుతుందనుకున్నాం. కాలేదు. "ఆయన సంగతి ఇంక తేలలె," అనేవాడు. తనది తేలింది కానీ నవలలో అతనిది తేలలేదని ఆయన బాధ. పేషీలు లేని నెలలు ఆయనకు పొడుగ్గా తోచేవి. చలికాలం మొదట్లో దగ్గు పట్టుకుంది, జ్వరం వచ్చింది. దవాఖానకు తీసుకుపోతే రొమ్ములో నెమ్ము చేరిందన్నారు. "పేషీ లేకుంట జేసినం తమ్మీ, అందుకే మంచం పట్టిండు," అని మా అక్క నన్ను పక్కకు పిలిచి అంది. ఎగతాళిగా అనలేదు.

పోవడానికి నాలుగు రోజుల ముందు నేను సెలవు పెట్టి వచ్చాను. మధ్యాహ్నం. మంచాన్ని తలుపుకు ఎదురుగా వేయించుకున్నాడు. నన్ను పిలిచి, "బామ్మర్దీ, కాయిదం తే. ఆఖరి అధ్యాయం చెప్త, రాసుకో," అన్నాడు. నేను పెన్సిలు పట్టుకొని కూర్చున్నాను. చాలాసేపు కళ్లు మూసుకున్నాడు. నిద్రపోయాడేమో అనుకున్నాను.

"రాయి. 'ఆ దినం అతడు అదాలత్‌కు పోలేదు.'"

రాశాను. ఎదురుచూశాను. "తర్వాత బావా?"

"చదువు."

చదివాను. ఆయన పెదవి విరిచాడు. "కొట్టెయ్. మరీ అల్కగ అయిపాయె." నేను కొట్టేయబోతే, మళ్లీ, "ఆగు. ఉండనియ్. రేపు చూద్దాం," అన్నాడు.

నేను కాగితం మడిచి దిండు కింద పెట్టాను. బయట వీధిలో మా అక్కా, ఇరుగుపొరుగు ఆడవాళ్లూ నేతకు పడుగు సాచి గంజి పెడుతున్నారు. వీధి ఈ చివర నుంచి ఆ చివరి దాకా తెల్లటి పోగులు బిగించి ఉన్నాయి. తడి పోగుల మీద ఎండ పడి మెరుస్తోంది. ఎవరిదో మేక తల వంచి వాటి కింద నుంచి దూరి పోయింది. మా అక్క కొంగు నడుముకు చెక్కుకొని, చేతిలో కుంచెతో, పోగుల పక్కన ఆ చివరికి నడిచింది, తిరిగి ఈ చివరికి నడిచింది. దిండు మీద తల కదల్చకుండా, కళ్లతోనే, మా బావ ఆమె వెంట ఆ చివరికి పోయి వస్తున్నాడు.